చిక్కుడు కాస్తుండగానే ఆనప గింజ నాటాలి: సిక్కోలు పెరట్లో పన్నెండు నెలల కూర

మా శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో పెరట్లో కూరపాదులు లేని ఇల్లు తక్కువ. కానీ పన్నెండు నెలలూ పెరటి కూర తినే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మృగశిర వానకు అందరూ గింజలు వేస్తారు. కార్తీకం దాకా వీధి వీధంతా బీరకాయలు పంచుకుంటారు. సంక్రాంతి దాటాక పాదులు ఎండిపోతాయి, మళ్లీ వాన పడేదాకా పెరట్లో కొబ్బరిచెట్టు, కరివేపచెట్టు తప్ప ఏమీ ఉండవు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఇంట్లో చూసినా పిల్లల కంచంలో పచ్చడి మెతుకులే కనిపిస్తాయి. ఆకుకూర కొనాలంటే సంతదాకా వెళ్లాలి, తెచ్చేసరికి వడిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

వేసవిలో పెరడు ఖాళీ కావడానికి నీళ్ల కొరత ఒక్కటే కారణం కాదు. తర్వాతి పంటకు గింజ వేయాల్సిన రోజున ఇప్పటి పంట నిండుగా కాస్తుంటుంది. అది చూస్తూ ఇంకో గింజ నాటాలని ఎవరికీ అనిపించదు. కాపు అయ్యాక చూద్దాం అనుకుంటారు, అప్పటికి అదను దాటిపోతుంది. మన వైపు ఏడాదికి మూడు అదనులు ఉన్నాయి: మృగశిర, దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత. ఒక్కోదానికి నెల ముందే పని మొదలుపెడితే పెరట్లో ఖాళీ నెల రాదు.

ముందు స్థలం సంగతి. మాది రెండు సెంట్ల పెరడు, ఇసుక కలిసిన నేల. విజయనగరం వైపు ఎర్రనేల ఉన్నవాళ్లకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది, కాకపోతే వాళ్లు గెత్తం, అంటే పశువుల ఎరువు, ఇంకొంచెం ఎక్కువ వేసుకోవాలి. పందిరి పడమటి వైపు వేయండి. వేసవిలో మధ్యాహ్నం ఎండను పాదు ఆపుతుంది, దాని నీడలో ఆకుకూర బతుకుతుంది. సరుగుడు కర్రలు రెండడుగులు భూమిలోకి దించి, పైన నైలాన్ తాడు అల్లితే చాలు. ఎత్తు మనిషి తల దాటకూడదు, ఎందుకో తర్వాత చెబుతాను. మిగతా స్థలాన్ని మూడడుగుల వెడల్పు మడులుగా చేసుకుంటే రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది, మట్టి తొక్కక్కర్లేదు. వానాకాలానికి మడి జానెడు ఎత్తుండాలి. మిరప, టమాట, వంగ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మొదలు కుళ్లి ఒక్క వారంలో పోతాయి. స్నానాల నీళ్లు పోయే మూలన అరటి, చేమ వేసేయండి, వాటికి ఇంకేమీ అడగక్కర్లేదు.

మృగశిర అదను

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండ మనకు కావాలి. మే నెలాఖరులో మట్టి తిరగేసి వదిలేస్తే పురుగు గుడ్లు, కలుపు గింజలు చాలావరకు మాడిపోతాయి. పాదులకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి, బాగా మాగిన గెత్తం సగం, పైమట్టి సగం కలిపి నింపుకోండి. పచ్చి పేడ వేయకండి, వేళ్లు కాలుతాయి, చెదలు వస్తాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. మంచి వాన ఒకటి పడ్డాక బీర, ఆనప (సొర), కాకర, పొట్ల, గుమ్మడి, బెండ, గోరుచిక్కుడు వేయండి. గోతికి నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైనవి రెండు ఉంచితే చాలు. కాకర గింజ పెంకు గట్టిది, ఒక రాత్రీ పగలూ నానబెట్టాలి. వంగ, మిరప నారు కూడా అప్పుడే పోసుకోవాలి. వంగ నారు నెల రోజులకు, మిరప నలభై రోజులకు నాటడానికి వస్తుంది. నాటడం సాయంత్రమే.

ఆనప పాదు ఆరేడు ఆకులు వేశాక చివర గిల్లేయండి. మొదటి తీగకు ఎక్కువగా మగపూలే వస్తాయి, పిందె పూలు పక్క కొమ్మలకు వస్తాయి. పూలు బోలెడు పూస్తున్నాయి, పిందె పసుపురంగు తిరిగి రాలిపోతోంది అని చాలామంది నన్ను అడుగుతారు. వెంటనే ఎరువు లోపం అనుకుని యూరియా వేయకండి, తీగ ఇంకా ఆకు వేస్తుందే తప్ప కాయ నిలవదు. ముందు పుప్పొడి అందుతోందా అని చూడండి. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర తెల్లవారుజామున విచ్చుకుంటాయి. ఆనప దగ్గరికి పొద్దున్నే వెళ్లి పూలు అంటిస్తే ఫలితం ఉండదు. దీపాలు పెట్టే వేళకు మగపువ్వు తుంచి, రేకులు తీసి, కింద చిన్న పిందె ఉన్న పువ్వు మధ్యలో మెల్లగా తాకించండి. మర్నాటి నుంచి పిందె లావెక్కుతుంటే అంటుకున్నట్టే.

ఇక చిక్కుడు. పందిరి మీద పాకే మన నాటు చిక్కుడు పగలు పొట్టి అయితేనే పూత పడుతుంది. ఫిబ్రవరిలో వేస్తే వేసవంతా తీగ సాగి పందిరి కప్పేస్తుంది కానీ పువ్వు కనపడదు. జూన్, జులైలో వేయాలి. అక్టోబరు, నవంబరులో పూత, రథసప్తమి దాకా కాపు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్న జిల్లా మనది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం, ఆ ఒక్కరోజూ కాయలు బజారులో కొనాల్సి వస్తే నాకు మనసు ఒప్పదు. మా అత్తగారు ఆరుద్రలో చిక్కుడు గింజ పెట్టేవారు. నేనూ అప్పుడే పెడుతున్నాను.

అక్టోబరు రెండో వారం

మన తీరంలో పెరడు వేసుకునేవాళ్లు ఈ తుఫానుల తేదీలు గుర్తుపెట్టుకోవాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11, అది పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. గులాబ్ కొంచెం ముందుగా 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. ప్రతి ఏడూ రాకపోవచ్చు. కానీ ఆ రోజుల్లో పందిరి మీద బరువు లేకుండా చూసుకోవడం మన చేతిలో పని.

జూన్‌లో వేసిన బీర, ఆనప నాలుగు నెలలకు ఎలాగూ ముసలివైపోతాయి. ఇంకా రెండు కాయలు వస్తాయని అట్టేపెట్టకండి, సెప్టెంబరు చివర్లో కోసేయండి. పందిరి మీద చిక్కుడు ఒక్కటే మిగలాలి, దాని చివర్లు కూడా సెప్టెంబరులో కత్తిరించి గుబురు తగ్గించాలి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే చేతికొచ్చిన కాయలన్నీ కోసి, గాలి వచ్చే వైపు తాళ్లు కోసి పందిరిని మెల్లగా కిందికి వాలుస్తాను. నేలకు దగ్గరగా ఉన్న తీగ తెగదు. పందిరి ఎత్తు తక్కువ ఉండాలన్నది ఇందుకే, ఇద్దరు ఆడవాళ్లం వాల్చగలగాలి. మడుల మధ్య కాలువలు ఆ రోజే శుభ్రం చేసుకోండి. గాలి తగ్గాక, సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లు మంచినీళ్లతో ఆకులు కడగాలి. ఉప్పు నీటి తుంపర ఆరిందంటే ఆకు మాడిపోతుంది. మునగ విరిగితే బాధపడకండి. మణికట్టు లావు కొమ్మలు మూడడుగుల ముక్కలుగా కోసి నాటితే ఒక్క చెట్టు స్థానంలో నాలుగు చెట్లవుతాయి, ఇరుగుపొరుగుకీ ఇవ్వొచ్చు.

దసరా తర్వాత పంట అసలు తుఫానుకు ముందే మొదలవ్వాలి. సెప్టెంబరు మధ్యలో టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు అరుగు మీద ట్రేలలో, పాత టబ్బుల్లో పోసుకోండి. వాన జోరైతే లోపలికి తెచ్చుకోవచ్చు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారానికి, అంటే దసరా వెళ్లిన మొదటి మంగళవారానికి, నారు నాటడానికి సిద్ధంగా ఉండాలి. దసరా మరీ ముందొస్తే అక్టోబరు రెండో వారం దాటేదాకా ఆగి నాటండి. తుఫాను వచ్చి మడులన్నీ పోయినా మీ దగ్గర నారు ఉంటుంది. తోటకూర, మెంతికూర అప్పుడే చల్లితే నెల తిరగకుండా కూర వస్తుంది, ఆ నెలలో బజారు ధరలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ముల్లంగి, క్యారెట్, పాలకూర, కొత్తిమీర, అన్నీ ఈ చల్లని నెలల్లోనే. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లండి. ఈ పంట సులువు, పురుగు తక్కువ, దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందరూ వదిలేసే అదను

వేసవి పంట అంటే వేసవిలో వేసేది కాదు, వేసవికి కాసేది. ఆనప, బీర, దోస గింజలు సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి మొదటి వారం లోపల వేసేయాలి. ఎండ ముదిరాక ఎదిగిన పాదుకు మగపూలే ఎక్కువ పడతాయి, పిందె తక్కువ. మార్చి నాటికే తీగ పందిరెక్కి కాపు పట్టి ఉండాలి.

కానీ జనవరిలో పందిరి నిండా చిక్కుడు ఉంటుంది. దాన్ని పీకక్కర్లేదు. ఆనప గింజల్ని రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి వంటింట్లో పొయ్యికి దగ్గరగా పెట్టండి, ఆ చలిలో బయట మట్టిలో వేస్తే మొలక ఆలస్యమవుతుంది. మొలక కనపడగానే మట్టి, గెత్తం నింపిన అడ్డాకు దొప్పల్లోకి మార్చండి. ఈ జాతి పాదులకు వేరు కదిలితే పడదు. రెండు మూడు ఆకులు రాగానే దొప్పతో సహా చిక్కుడు పాదు పక్కన గోతిలో దించేయాలి. రథసప్తమి అయ్యాక చిక్కుడు మెల్లగా తగ్గుతుంది, ఆనప అదే కర్ర పట్టుకుని ఎక్కుతుంది. ఫిబ్రవరి చివర్లో చిక్కుడును మొదట్లో కోసేయండి, వేళ్లు మట్టిలోనే వదలండి, నేలకు బలం.

బెండ కూడా ఫిబ్రవరిలో వేయొచ్చు. తోటకూర, గోంగూర, బచ్చలి మాత్రం ఫిబ్రవరి నుంచి మే దాకా రెండు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లుతూ ఉండండి. ఒక్కసారే మడంతా చల్లితే ఒక్క వారమే తింటారు. మడి మీద వరిగడ్డి పరిస్తే రోజూ పోసే నీళ్లు రోజు విడిచి రోజు పోస్తే సరిపోతాయి. లేత మొలకలకు పైన కొబ్బరి మట్టలు అడ్డం పెట్టండి. నీళ్లు పొద్దున్నే పోయాలి. కంద ముక్కలు, పెండలం కూడా ఏప్రిల్, మేలో పాతిపెడితే ఏడాది చివర్లో తవ్వుకోవచ్చు. సంక్రాంతి నెలలో కందా బచ్చలి కూరకు అంతకంటే ఏం కావాలి!

పురుగుల గురించి ముఖ్యమైనవే చెబుతాను. వంగ కొమ్మ చివర వాడి వేలాడుతుంటే లోపల పురుగు ఉన్నట్టు, ఆ చివర తుంచి నలిపేయండి, వదిలితే కాయల్లోకి దిగుతుంది. బెండ ఆకు ఈనెలు పసుపు తిరిగితే ఆ మొక్క బాగుపడదు, తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు అంటించకముందే పీకేయండి. పండు ఈగ కుట్టి వంకర తిరిగిన కాకర, బీర పిందెలు చెత్తలో పడేయకూడదు, లోతుగా పాతిపెట్టాలి. వేపగింజల పప్పు యాభై గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు నురుగు కలిపి సాయంత్రం వారానికోసారి కొడితే పురుగు చాలావరకు అదుపులో ఉంటుంది. వంగ, టమాట, మిరప ఒకే జాతి. ఒకటి తీసిన మడిలో వెంటనే ఇంకొకటి వేయకండి, వడలు తెగులు మట్టిలోనే కాచుకుని ఉంటుంది. ఏ మడిలో ఏది వేశామో పాత క్యాలెండర్ వెనక రాసుకుంటే గుర్తుంటుంది. గింజ వేసిన రోజు, మొదటి కాయ కోసిన రోజు, పాదు తీసేసిన రోజు కూడా అక్కడే రాయండి. వచ్చే ఏడు ఏది ఎప్పుడు వేయాలో మీ పెరడే చెబుతుంది.

విత్తనం

ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనో ఎఫ్-1 అనో ఉంటే దాని గింజ దాచకండి, మొక్కలు తల్లిలా రావు. నాటు రకాలవే దాచాలి. కాపు నడుమ వచ్చిన మంచి కాయను, జబ్బులేని మొక్క మీద, ముందే గుడ్డపేలిక కట్టి వదిలేయండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు కోసి కూర వండేస్తారు. వంకాయ పసుపు రంగు తిరిగేదాకా, బెండ ఎండి గింజ గలగలలాడేదాకా, ఆనప పెంకు గట్టిపడేదాకా ఉండాలి. పక్కింట్లో వేరే రకం ఆనప ఉంటే పూల మీద వాలే పురుగులు పుప్పొడి కలిపేస్తాయి. పిందె పువ్వు మొగ్గగా ఉన్నప్పుడే దారం కట్టి, సాయంత్రం విప్పి మీ మగపువ్వే అంటించి, మళ్లీ కట్టేయండి.

గింజలు నీడలో ఆరబెట్టాలి. చిక్కుడు గింజకు మాత్రం పుచ్చు పడుతుంది, బాగా ఆరాక బూడిద కలిపి గాజు సీసాలో పోయండి. ఏప్రిల్‌లో ఒకసారి సీసాలన్నీ తీసి, ప్రతిదాంట్లో పది గింజలు తడి గుడ్డలో చుట్టి చూడండి. ఏడు మొలిస్తే మంచి విత్తనం. అయిదే మొలిస్తే గోతికి రెట్టింపు గింజలు వేసుకోవాలి. అంతకంటే తక్కువైతే మృగశిరకు ముందే ఎవరినైనా అడిగి తెచ్చుకోవాలి, ఇంకా నెల పైన సమయం ఉంటుంది. సీసా మీద కాయ పేరు, నెల, ఎవరింటి నుంచి తెచ్చామో రాయండి. బెండ గింజ ఏడాది దాటితే నమ్మకండి. వంగ, ఆనప గింజలు బాగా ఆరితే మూడేళ్లు మొలుస్తాయి.