పాత ఈఎస్-175 కొనేవాళ్లు ముందు లోపలికి చూడాలి

ఈఎస్-175 లాంటి పాత జాజ్ గిటార్ కొనాలని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే. వాయించడానికా, దాచుకోవడానికా? "రెండిటికీ అక్కా" అంటారు అందరూ. రెండిటికీ పనికొచ్చేవి ఉన్నాయి. కానీ ధర విన్నాక చాలామంది ఆ మాట వెనక్కి తీసుకుంటారు. దాచుకునేవాళ్లు డబ్బు పెట్టేది ఫ్యాక్టరీ దాటాక ఎవరూ వేలు పెట్టని గిటార్‌కి. వాయించేవాళ్లకి ఆ ఖర్చు దండగ. మెట్లు మార్చినా, తీగలు బిగించే చెవులు మార్చినా నాదం ఎక్కడికీ పోదు. మీరు ఏ రకమో తేల్చుకుంటే కింద చెప్పే ప్రతి లోపానికీ ఎంత తగ్గించి అడగాలో మీకే తెలుస్తుంది.

నేను ఉండేది మిషిగన్‌లో, నోవైలో. వారమంతా ఆఫీసు, శనివారం గరాజ్‌లో గిటార్ల పని. గిటార్ల కంపెనీ గిబ్సన్ వాళ్ల పాత ఫ్యాక్టరీ ఉన్న కలమజూ ఇక్కడికి రెండు గంటల ప్రయాణం. పార్సన్స్ స్ట్రీట్‌లోని ఆ ఫ్యాక్టరీని కంపెనీ 1984లో మూసేసింది. పని నాష్‌విల్‌కి వెళ్లిపోయింది. ఊరు వదలడం ఇష్టంలేని పాత ఉద్యోగులు కొందరు మరుసటి ఏడాది అదే భవనంలో హెరిటేజ్ పేరుతో గిటార్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు కలమజూ గిటార్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈఎస్-175, అందుకే దాని గురించే చెబుతాను.

హాలో బాడీ అంటే లోపల పూర్తిగా బోలు. పైన వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలు, మీద తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్. గిబ్సన్ 1936లో ఈఎస్-150తో ఈ దారి పట్టింది. గిటార్, శబ్దం పెంచే యాంప్ కలిపి 150 డాలర్లు, పేరులో అంకె అదే. చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి అలాంటి గిటార్ మీద సాక్సఫోన్‌తో సమానంగా సోలోలు వాయించాడు. 1942లో, పాతికేళ్ల వయసులో పోయాడు. గిటార్ వెనక కూర్చుని తాళం వేసే వాయిద్యంగా మిగలకపోవడానికి ఆ రెండు మూడేళ్లే కారణం.

ఈఎస్-175 వచ్చింది 1949లో, 175 డాలర్లకి. 16 అంగుళాల వెడల్పు, ఒక పక్క కొమ్ములా మొనదేలిన కటవే, అంటే పై మెట్లకి చెయ్యి అందేలా తీసిన కోత. పై చెక్క చెక్కినది కాదు. మేపుల్ పొరలు అతికించి అచ్చులో నొక్కినది. అదే కంపెనీ ఎల్-5 సీఈఎస్ అయితే స్ప్రూస్ దుంగని చెక్కి చేసినది, ధర కూడా చాలా ఎక్కువ. వెస్ మాంట్‌గమరీ బొటనవేలితో వాయించినది అది. అయినా జాజ్‌లో జో పాస్, జిమ్ హాల్, హెర్బ్ ఎల్లిస్, కుర్రతనంలోనే పాట్ మెథెనీ, రాక్‌లో స్టీవ్ హౌ, వీళ్లంతా 175 పట్టుకున్నారు. పొరల చెక్క తక్కువ కంపిస్తుంది కాబట్టి స్టేజి మీద తొందరగా కూత పెట్టదు. నోటు మొదట్లో ఠక్కుమని పలికి త్వరగా తగ్గిపోతుంది. జాజ్ గిటార్ అనగానే మన చెవిలో మెదిలేది ఆ శబ్దమే. చవక చెక్క అని చిన్నచూపు చూసేవాళ్ల మాట నేను పట్టించుకోను.

కూత విషయం ఇంకొంచెం. బోలు గిటార్‌ని పెద్ద యాంప్ ముందు పెడితే ఆ శబ్దానికి పై చెక్క ఊగుతుంది. ఆ ఊపు తీగల్లోంచి పికప్‌లోకి, మళ్లీ యాంప్‌లోకి వెళ్లి రొద అవుతుంది. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారిది గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండొలిన్, దానికి ఈ బాధ తక్కువ. గిబ్సన్ కూడా 1958లో ఈఎస్-335 మధ్యలో మేపుల్ దిమ్మ పెట్టింది ఇందుకే. కాబట్టి రాక్ బ్యాండ్‌లో వాయిస్తాననుకుంటే 175 జోలికి రాకండి.

ఇక పరీక్షకి వద్దాం. ఫోన్ టార్చి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, స్టీలు స్కేలు, అతినీలలోహిత టార్చి, ఇవి చాలు. గిటార్ చేతికివ్వగానే వాయించొద్దు. వాయిస్తే నచ్చుతుంది, నచ్చాక లోపాలు కనిపించవు.

ముందు పైవైపు ఎఫ్ రంధ్రంలోంచి లేబుల్ చూడండి. 1955 మొదటి నెలల దాకా తెల్ల లేబుల్, ఆ తరువాత నారింజ రంగు. 1961 దాకా లేబుల్ మీద ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలయ్యే సీరియల్ నంబర్ ఉంటుంది. కానీ లేబుల్ ఊడదీసి అతికించవచ్చు. అందుకే రెండో ఎఫ్ రంధ్రంలోంచి వెనక చెక్క లోపలివైపు చూడండి. అక్కడ సిరాతో ముద్రించిన ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్ ఉంటుంది. 1952 నుంచి 1961 దాకా దాని ముందు అక్షరమే సంవత్సరం. వరస వెనక్కి నడుస్తుంది: జెడ్ అంటే 1952, వై 1953, ఎక్స్ 1954, డబ్ల్యూ 1955, వీ 1956, యూ 1957, టీ 1958, ఎస్ 1959, ఆర్ 1960, క్యూ 1961. ముద్ర వెలిసిపోయి ఉంటే టార్చిని పక్కవాటుగా పట్టండి, కనిపిస్తుంది.

ఈ వరస ఎందుకు బట్టీ పట్టాలో చెబుతాను. డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసే గుంటూరు కుర్రాడొకడు నన్ను వెంటబెట్టుకుని ఒక అమ్మకందారు ఇంటికి తీసుకెళ్లాడు. "1957ది, ఫ్యాక్టరీ హంబకర్లు" అన్నాడాయన. హంబకర్ అంటే హమ్ రాకుండా రెండు తీగచుట్టలతో చేసిన పికప్. ధర కూడా దానికి తగ్గట్టే చెప్పాడు. లోపల చూస్తే తెల్ల లేబుల్, ముద్ర ముందు ఎక్స్. అంటే 1954. 175కి హంబకర్లు వచ్చిందే 1957లో. అంతకుముందు ఉండేవి ఒకే చుట్ట ఉన్న పీ-90 పికప్‌లు. పికప్ ఫ్రేమ్ విప్పమన్నాను, ఆయన ఒప్పుకున్నాడు. హంబకర్ పట్టేలా రంధ్రాన్ని ఎవరో ఆకురాయితో పెద్దది చేశారు, అంచున మేపుల్ పొరలు చిట్లి ఉన్నాయి. "స్పెషల్ ఆర్డర్ అయి ఉంటుంది" అన్నాడు. వాదించలేదు. ఏ గిటార్‌కైనా ఆ మాట అనొచ్చు, రుజువు కాగితం చూపించమంటే చాలు. కాగితం లేదు. కుర్రాడు చివరికి అదే గిటార్ కొన్నాడు, వాయించేవాళ్ల ధరకి. బాగా పలుకుతుంది కూడా.

1961 నుంచి సీరియల్ నంబర్ హెడ్‌స్టాక్ (నెక్ చివర చెవులుండే భాగం) వెనక అచ్చు గుద్దేవారు. అరవైల నంబర్లు ఒక్కోటి రెండు మూడు సంవత్సరాలకి సరిపోతాయి కాబట్టి నంబర్ ఒక్కటే చూసి సంవత్సరం చెప్పేవాళ్లని నమ్మకండి. అప్పుడు వేరే గుర్తులు చూడాలి. నట్ దగ్గర, అంటే నెక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ దగ్గర, వెడల్పు కొలవండి. 1965కి ముందు సుమారు 43 మిల్లీమీటర్లు, ఆ తరువాత కొన్నేళ్లు సుమారు 40కి తగ్గింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ మొదటి మెట్ల దగ్గర వేళ్లు ఇరుక్కుంటాయి, ధర కూడా అక్కడ పడిపోతుంది. హెడ్‌స్టాక్ వెనక 'మేడ్ ఇన్ యూఎస్ఏ' అని గుద్ది, నెక్ మీద చిన్న గుబ్బలా చెక్క మిగిల్చి ఉంటే డెబ్భైలది. ఆ కాలం గిటార్లని దాచుకునేవాళ్లు ఇష్టపడరు. చేతులు చిన్నవైతే, బడ్జెట్ తక్కువైతే అరవైల చివరిది, డెబ్భైలది చూడమని నేనే చెబుతాను.

పికప్‌ల దగ్గర డబ్బు ఎక్కువ కాబట్టి మోసమూ ఎక్కువే. తమ ఇంజినీరు సెత్ లవర్ చేసిన హంబకర్‌కి గిబ్సన్ 1955లో పేటెంట్ అడిగింది, 1959లో వచ్చింది. 'పేటెంట్ అప్లయిడ్ ఫర్' అనే చిన్న స్టిక్కర్ మాత్రం 1962 ప్రాంతం దాకా అంటిస్తూనే ఉన్నారు. తరువాతి స్టిక్కర్ మీద పేటెంట్ నంబర్ వేశారు, అదైనా హంబకర్‌ది కాదు, లెస్ పాల్ టెయిల్‌పీస్‌ది, తీగల చివర్లు తగిలించే ముక్కది! పొరపాటో, పోటీ కంపెనీలని దారి తప్పించడానికో. ఈ స్టిక్కర్లకి నకిలీలు వస్తున్నాయి. ఫ్రేమ్‌కున్న నాలుగు స్క్రూలు తీసి పికప్‌ని నెమ్మదిగా పైకెత్తి, స్టిక్కర్ కంటే ముందు సోల్డర్ చూడండి. కవర్ అంచున సోల్డర్ చుక్కలు మొద్దుగా, మెరుస్తూ ఉంటే ఎవరో తెరిచారు. పాత సోల్డర్ మసకగా, దుమ్ము పట్టి ఉంటుంది. వైరింగ్‌ని మాత్రం ఎఫ్ రంధ్రంలోంచి బయటికి లాగొద్దు, అమ్మేవాళ్లు లాగుతామన్నా ఒప్పుకోకండి. పాట్‌ల (ధ్వని తిప్పే గుబ్బల కింది భాగాలు) మీద అంకెలు అద్దంలో కనిపిస్తే 134 సెంట్రలాబ్ కంపెనీ, 137 సీటీఎస్ కంపెనీ. ఆ తరువాతి అంకెలు సంవత్సరం, వారం. పాట్ 1966ది, గిటార్ 1959ది అంటే మధ్యలో ఏదో జరిగిందన్నమాట.

తరువాత రంగు. అప్పటి గిబ్సన్‌లన్నీ నైట్రోసెల్యులోజ్ లాకర్ పూతతో వచ్చినవే. చలికి, వేడికి అందులో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. అవి లోపం కాదు, అరవై ఏళ్ల గిటార్ మీద ఒక్కటీ లేకపోతేనే నాకు అనుమానం. చీకటి గదిలో అతినీలలోహిత వెలుగు వేస్తే పాత లాకర్ పచ్చగా పసుపుగా వెలుగుతుంది. తరువాత పూసిన చోటు వేరే రంగులో మచ్చలా తేలుతుంది. ముఖ్యంగా హెడ్‌స్టాక్ వెనక, నట్ కిందుగా చూడండి. గిటార్ కేసుతో సహా వెనక్కి పడితే విరిగేది అక్కడే. విరిగి అతికించిన గిటార్ ధర సగానికి పడుతుందని ఇక్కడి వ్యాపారుల లెక్క. అతుకు గట్టిగా ఉంటే వాయించేవాళ్లకి అంతకంటే మంచి బేరం దొరకదు. మొత్తం రంగు మళ్లీ వేసినదైనా అంతే. సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) కంటే లేత చెక్క రంగులో వచ్చినవి తక్కువ, వాటికి ధర ఎక్కువ. కాబట్టి సన్‌బర్స్ట్ గీకేసి లేతగా చేసినవీ ఉంటాయి. ఎఫ్ రంధ్రాల అంచున, పికప్ ఫ్రేమ్ కింద పాత ముదురు రంగు మిగిలిందేమో చూడండి.

డబ్బు తినేది నెక్ కోణం. తీగలు ఆనే బ్రిడ్జి పక్కల చిన్న చక్రాలు ఉంటాయి, తీగల ఎత్తు మార్చడానికి. అవి పూర్తిగా కిందికి దించినా తీగలు ఎత్తుగానే ఉన్నాయంటే నెక్ ముందుకి వంగింది, లేదా పై చెక్క ఉబ్బింది. నెక్ ఊడదీసి మళ్లీ కూర్చడం పెద్ద పని, ఆ ఖర్చు ముందే ధరలోంచి తీసెయ్యండి. స్కేలు అడ్డంగా పెట్టి బ్రిడ్జి దగ్గర చెక్క కుంగిందేమో చూడండి. వేలి గుబ్బతో పైన తట్టుకుంటూ వెళ్తే లోపల బ్రేస్ (చెక్కకి ఆసరాగా అంటించిన కర్ర) ఊడినచోట గరగరమంటుంది. వైరు గుచ్చే జాక్ పక్క చెక్కకి ఉంటుంది. ఎవరో ఎప్పుడో వైరు తొక్కి ఉంటారు, దాని చుట్టూ పగులు వెతకండి.

చెవుల విషయం తేలిక. క్లూసన్ కంపెనీ చెవుల ప్లాస్టిక్ గుబ్బలు వయసుకి కుంచించి పొడి అవుతాయి, కొత్తవి దొరుకుతాయి. గ్రోవర్ కంపెనీ చెవులు పెట్టడానికి రంధ్రాలు పెద్దవి చేసి ఉంటే దాచుకునేవాళ్లు ధర తగ్గించి అడగాలి. పిక్‌గార్డ్ (పై చెక్కకి గీతలు పడకుండా పెట్టే ప్లాస్టిక్ పలక) దగ్గర ముక్కు పెట్టండి. సెల్యులాయిడ్ కుళ్లితే ఘాటు వాసన వస్తుంది, ఆ ఆవిరికి పక్కనున్న లోహం పచ్చబడి తినేస్తుంది. అలాంటిదాన్ని తీసి వేరే కవర్‌లో దాచండి, పారెయ్యొద్దు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముక్క కదా, అమ్మేటప్పుడు దానికీ విలువ ఉంటుంది. గులాబీ రంగు లోపలి గుడ్డతో గోధుమరంగు కేసు వస్తే యాభైలదని సంతోషించండి.

ఇప్పుడు వాయించండి. నెక్ పికప్ మీద, యాంప్ శుభ్రంగా, ధ్వని తక్కువగా. ప్రతి తీగ మీద ప్రతి మెట్టూ ఒక్కో నోటు. పీ-90 హమ్ చేస్తుంది, అది దాని స్వభావం. తీగలు సన్నగా, గరుకుగా ఉంటే తీర్పు చెప్పకండి. ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు ఉన్న లావు తీగలు) 12ల సెట్టు వేశాకే 175 తన గొంతు ఇస్తుంది.

ఇండియాకి పట్టుకెళ్దామనుకునేవాళ్లు ఒక మాట వినాలి. అరవైల మధ్య దాకా ఈ గిటార్ల ఫింగర్‌బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెక్క 1992 నుంచి సైటీస్ (అరుదైన జీవుల, మొక్కల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. 2019లో వాయిద్యాలకి ఇచ్చిన సడలింపు మిగతా రోజ్‌వుడ్‌లకే, దీనికి లేదు. సొంతానికి వాయించుకోవడానికి తీసుకెళ్లేవాళ్లకి అమెరికా వన్యప్రాణి శాఖ వాయిద్య ధ్రువపత్రం ఇస్తుంది, అమ్మేందుకైతే వేరే పత్రాలు. కొన్న రసీదు, లేబుల్ ఫొటో, నంబర్ ఫొటో ఆ దరఖాస్తుకి పనికొస్తాయి కాబట్టి కొన్న రోజే తీసి పెట్టుకోండి. హైదరాబాద్ కస్టమ్స్‌లో నిలబడి "మా తాతగారిది" అంటే కుదరదు.

ఇంటికి తెచ్చాక గదిలో తేమ 45, 50 శాతం మధ్య ఉంచండి. మాకు ఇక్కడ చలికాలం హీటర్ వేస్తే చెక్క ఎండి అంచుల పట్టీ (బైండింగ్) విడుస్తుంది, విశాఖలో అయితే దీనికి సరిగ్గా తలకిందులు. బ్రిడ్జి అంటించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. కొరియర్‌లో పంపేటప్పుడు తీగలు కాస్త వదులు చేసి, బ్రిడ్జి తీసి గుడ్డలో చుట్టి కేసు అరలో పెట్టండి. హెడ్‌స్టాక్ కింద, వెనక ఖాళీ లేకుండా కాగితం కూరండి.