ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోయే కారు: పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ముప్పావుగంట తిరిగాక సిగ్నల్ దగ్గరో హైవే మీదో టక్కున ఆగిపోతుంది, సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు, అరగంట నీడలో పెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. పెట్రోల్ బళ్ళలో ఇది మామూలే, మే నెల ఎండల్లో మరీనూ. అసలు చిక్కేంటంటే షెడ్డుకి తీసుకెళ్ళేసరికి బండి చల్లారిపోయి శుభ్రంగా నడుస్తుంటుంది, మెకానిక్‌కి ఏమీ దొరక్క ప్లగ్గులు మారుస్తాడు, ఫిల్టర్ మారుస్తాడు, బిల్లు మీ చేతిలో పెడతాడు, వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. అందుకే ఆగిపోయిన ఆ కాసేపట్లోనే, ఇంజిన్ వేడి మీద ఉండగానే కనిపెట్టాలి, స్పార్క్ పోయిందా పెట్రోల్ పోయిందా అని.

ముందు బండిని పక్కకి తీయండి. రన్నింగ్‌లో ఆగితే బ్రేక్ ఒకట్రెండు నొక్కుళ్ళ వరకే మెత్తగా ఉంటుంది, తర్వాత రాయిలా అయిపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, అందుకని బ్రేక్ మాటిమాటికీ కొట్టకుండా ఒకే పట్టున నొక్కి ఆపండి, బండి కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

టెంపరేచర్ ముల్లు హెచ్ దాకా వెళ్ళిందంటే అది వేరే జబ్బు, కూలెంట్ తక్కువుందో ఫ్యాన్ తిరగట్లేదో చూసుకోవాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకండి, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. ముల్లు మధ్యలోనే ఉండి కూడా ఆగిపోతుంటే మిగతాది చదవండి.

సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు చూడండి. చాలా బళ్ళలో ఇంజిన్ తిరిగేటప్పుడు ముల్లు కొంచెమైనా లేస్తుంది (మీ బండిలో లేస్తుందో లేదో బాగున్న రోజే చూసిపెట్టుకోండి). వేడి మీద మాత్రం సున్నా దగ్గరే చచ్చినట్టు పడి ఉంటే నా అనుమానం ముందు క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతోందా లేదా కనిపెట్టేది) మీదకే పోతుంది. అది గేర్‌బాక్స్ ఇంజిన్ కలిసే చోటో, కింద క్రాంక్ పుల్లీ దగ్గరో ఉంటుంది. రెండు వైర్ల రకంలో లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది, పాతబడ్డాక వేడికి ఎక్కడో తీగ విడిపోతుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. ఆ సిగ్నల్ రాకపోతే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) తెలియదు, ఇక స్పార్కూ ఇవ్వదు పెట్రోలూ కొట్టదు. చెయ్యి అందే చోట ఉంటే తడిగుడ్డ దాని మీద ఓ ఐదు నిమిషాలు వేసి సెల్ఫ్ కొట్టండి, అప్పుడు అందుకుంటే దొంగ దాదాపు దొరికినట్టే. సైలెన్సర్ పైపుల మీద, మ్యానిఫోల్డ్ మీద నీళ్ళు పడనివ్వకండి, పగుళ్ళిస్తాయి. మల్టీమీటర్ ఉంటే కప్లర్ ఊడదీసి ఓమ్స్ చూడండి, చల్లగా ఉన్నప్పుడు వందల్లోనో వెయ్యి దరిదాపుల్లోనో చూపించి వేడి మీద ఓఎల్ (అంటే లోపల తీగ తెగినట్టు) అని పడితే ఇక సందేహమే లేదు. మూడు వైర్ల సెన్సార్‌కి ఈ ఓమ్స్ లెక్క పనికిరాదు. స్కానర్ పెడితే ఈ సెన్సార్ తాలూకు పీ0335 కోడ్ రావచ్చు, కోడ్ రాలేదని సెన్సార్ బాగున్నట్టు కాదు.

ముల్లు లేస్తోంది అయినా అందుకోవట్లేదంటే పెట్రోల్ వైపు రండి. ఏసీ, పాటలు ఆపేసి తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టొద్దు, వెనక సీటు కింద ట్యాంకులో ఉండే పెట్రోల్ పంప్ నుంచి రెండు మూడు సెకన్లు జుయ్‌మని సౌండ్ రావాలి. రాకపోతే ఫ్యూజ్ చూసి, అదే నంబర్ ఉన్న హారన్ రిలేని పంప్ రిలే చోట పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. అయినా లేదంటే ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ట్యాంక్ అడుగున పిడికిలితో నాలుగు దెబ్బలు వేయండి, స్టార్ట్ అయిందంటే పంప్ ఆఖరి రోజుల్లో ఉంది. ఆ పంపుని చల్లబరిచేది ట్యాంకులో పెట్రోలే, ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిప్పే వాళ్ళకి ఇది ముందు పోతుంది. ట్యాంక్ మూత తిప్పితే ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకుని వెంటనే స్టార్ట్ అయితే గాలి దారి మూసుకుందని. పాత అంబాసిడర్, పద్మినీ డ్రైవర్లు బానెట్ కింద ఉండే పంప్ మీద తడిగుడ్డ చుట్టేవాళ్ళు గుర్తుందా, అది పెట్రోల్ ఆవిరైపోయే సమస్య, ఆ కార్బొరేటర్ బళ్ళకి ఇప్పటికీ మందు అదే.

సిగ్నల్‌లో ఏసీ వేసి ఉన్నప్పుడే ఆగి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తే వెంటనే అందుకుంటుంటే చాలావరకు ఇవేవీ కాదు, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీకి మసి పట్టింది, క్లీన్ చేయించండి చాలు.

సౌండూ వస్తోంది ముల్లూ లేస్తోంది అంటే ఇక అనుమానం ప్లగ్గులకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మీదే, అది ఎలక్ట్రీషియన్ చేతే చూపించండి, ప్లగ్ వైర్ చేత్తో పట్టుకుని స్పార్క్ చూసే ప్రయోగాలొద్దు, వేల వోల్టులు.

సెన్సార్ మార్చాల్సొస్తే ఒరిజినలే వేయండి, లోకల్ వాటిలో కొన్ని వచ్చే ఎండాకాలం కూడా చూడవు. మార్చాక షెడ్డులోనే ఏసీ వేయకుండా ఫ్యాన్ రెండు మూడు సార్లు తిరిగి ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచండి, తర్వాత ఆఫ్ చేసి బానెట్ మూసి పది నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి, కూలెంట్ తిరగడం ఆగిపోయి బానెట్ కింద వేడి బాగా పెరిగేది అప్పుడే, అక్కడ అందుకుంటేనే మెకానిక్‌కి డబ్బులివ్వండి.