ప్లేట్‌లెట్ పొరలో లిపిడ్లు ఎలా తెగుతాయో ల్యాబ్‌లో చూడాలంటే

ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే ఎంజైమ్ థ్రాంబిన్‌ను వెయ్యకముందే అవి యాక్టివేట్ అయిపోతే ఇక చూడ్డానికి ఏమీ మిగలదు, కాబట్టి సగం శ్రద్ధ రక్తం తీసేటప్పుడే పెట్టాలి. ఇచ్చేవాళ్లు గత 10 రోజుల్లో ఆస్పిరిన్ వేసుకోలేదని అడిగి తెలుసుకోండి. అది ఈ ప్రయోగంలో తర్వాత పనిచెయ్యాల్సిన కాక్స్-1 ఎంజైమ్‌ను శాశ్వతంగా ఆపేస్తుంది, ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి కొత్తది తయారుచేసుకోలేదు. లావు సూది వాడండి, మొదట వచ్చే కొన్ని మిల్లీలీటర్లు వదిలెయ్యండి, సిట్రేట్ కలిపిన ప్లాస్టిక్ ట్యూబుల్లోకే తీయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చల్లదనానికే అవి ఆకారం మార్చుకుంటాయి.

తర్వాత, వేరుచేసిన ప్లేట్‌లెట్లను రేడియో లేబుల్ (రేడియోధార్మిక గుర్తు) ఉన్న అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంతో కలిపి ఉంచితే అవి దాన్ని తమ పొరలోని లిపిడ్లైన ఫాస్ఫోలిపిడ్లలోకి చేర్చుకుంటాయి. పొరలోనే ఉండే పిప్2 అనే ఫాస్ఫోలిపిడ్‌ని కూడా చూడాలంటే రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 కావాలి. మిగిలిపోయిన లేబుల్‌ను ప్లేట్‌లెట్లను యాక్టివేట్ కానివ్వని ప్రోస్టాసైక్లిన్ ఉన్న బఫర్‌తో కడిగేసి, ఆ మందు ప్రభావం తగ్గేదాకా కాసేపు ఆగండి. రక్తం, రేడియోధార్మికత, క్లోరోఫామ్ మూడూ ఉన్న పని ఇది, సంస్థ అనుమతి, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా దిగొద్దు.

ఇప్పుడు 37 డిగ్రీల దగ్గర థ్రాంబిన్ వెయ్యండి. ముందు ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమ్ పిప్2ని ఐపీ3, డయాసిల్‌గ్లిసరాల్ అనే రెండు ముక్కలుగా విడగొడుతుంది, ఐపీ3 వల్ల లోపల దాచిన కాల్షియం బయటికొస్తుంది, ఆ కాల్షియంతో ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే మరో ఎంజైమ్ పొర మీదికి చేరి ఫాస్ఫోలిపిడ్ రెండో స్థానంలో ఉన్న అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంచుతుంది. మొదటి కోత సెకన్లలో అయిపోతుంది. పైగా పిప్2 మళ్లీ తయారవుతూ ఉంటుంది, డయాసిల్‌గ్లిసరాల్ ఫాస్ఫాటిడిక్ ఆమ్లంగా మారిపోతుంది, అందుకే 0, 5, 15, 30, 60 సెకన్లకు ఒక్కో శాంపిల్, ఆ తర్వాత 5 నిమిషాలకు ఒకటి తీయండి. తీసిన ప్రతిదాన్నీ సెంట్రిఫ్యూజ్ చెయ్యకుండా నేరుగా క్లోరోఫామ్-మెథనాల్‌లో పొయ్యాలి. అందులో కొంచెం ఆమ్లం కలపకపోతే పిప్2 నీటి భాగంలోనే ఉండిపోయి మీ లెక్క తప్పుతుంది.

తెగిన అరాకిడోనిక్ ఆమ్లం కూడా అలాగే ఉండదు. కాక్స్-1 దాన్ని థ్రాంబాక్సేన్ ఎ2 దారిలోకి, 12-లైపాక్సీజినేజ్ అనే ఎంజైమ్ మరో దారిలోకి తీసుకెళ్తాయి. థ్రాంబాక్సేన్ ఎ2 సగానికి తగ్గడానికి అర నిమిషం చాలు కాబట్టి అది మారి ఏర్పడే స్థిరమైన థ్రాంబాక్సేన్ బి2నే కొలవండి. మొత్తం ఎంత తెగిందో కావాలంటే రెండు దారుల్నీ ఆపే బీడబ్ల్యూ755సీ అనే మందు వెయ్యండి. థ్రాంబిన్ బదులు కొల్లాజెన్ తక్కువ డోసులో వాడితే మాత్రం జాగ్రత్త, అక్కడ ప్లేట్‌లెట్‌ని ఇంకా రెచ్చగొట్టేది ఆ థ్రాంబాక్సేనే, దాన్ని ఆపితే తెగడమే తగ్గిపోతుంది.