దుబాయి పైసలు తల్లి ఖాతాలో పడాలంటే ఏం చేయాలి

మా ఆయన దుబాయి పోయిన మొదటి మూడేళ్లు పైసలు మా మరిది ఖాతాలో పడేవి. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒకరోజు బిడ్డకు జ్వరమొస్తే, ఆసుపత్రికి ఆరు వందల కోసం మరిది పొలం నుంచి వచ్చేదాకా గడప మీద కూర్చున్నాను. బిడ్డ ఒళ్లు నా చీరలోంచి కాలుతోంది. ఇంకే తల్లీ అట్లా కూర్చోవద్దనే ఇది రాస్తున్నా.

ముందు మీ ఒక్కరి పేరు మీద బ్యాంకులో పొదుపు ఖాతా తెరవండి. దానికి మీ సిమ్ నంబరే ఇవ్వండి. మామదో మరిదిదో ఇస్తే, ఖాతా మీదైనా మెసేజ్, ఓటీపీ వాళ్లకే పోతాయి. మా సంఘంలో ఇద్దరికి ఇట్లనే జరిగింది. పాస్‌బుక్ మొదటి పేజీ వెలుతురులో ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ చేయండి. మొదటిసారి కొంచెమే పంపమనండి, పడ్డాక మిగతాది.

కష్టమల్లా ఇంట్లో మాట చెప్పడమే. "నీ తమ్ముడి మీద నమ్మకం లేదు" అంటే గొడవే. నేను ఇట్లా చెప్పాను: "వీసా అప్పు కిస్తీ తమ్ముడికే పంపు. పిల్లల ఖర్చు నాకు పంపు. అత్తమ్మ మందుల పైసలు నెలనెలా నేనే ఆమె చేతిలో పెడతా." ఆ మాట ఒక్క నెల కూడా తప్పలేదు. ఆరు నెలలకు మొత్తం నా ఖాతాకే రావడం మొదలైంది.

ఎవరి చేతికొస్తే ఏంది, ఇంటికే కదా అన్నాడు మామ. తేడా ఉంది. దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛన్ల మీద ఎస్తర్ డుఫ్లో అనే ఆర్థికవేత్త 2003లో రాశారు: పింఛను ముసలమ్మకు వచ్చిన ఇళ్లలో ఆడపిల్లల బరువు, ఎత్తు మెరుగయ్యాయి. తాతకు వచ్చిన ఇళ్లలో ఆ మార్పు కనిపించలేదు.

పైసలు పడ్డ రోజే ముందు బిడ్డ వాటా తీయండి. పదేళ్లలోపు ఆడబిడ్డ ఉంటే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, మీ ఆధార్, ఫొటోలు పట్టుకుపోండి. ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టొచ్చు. 15 ఏళ్లు కట్టాలి. బిడ్డకు 18 నిండాక చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. నెల ఐదో తేదీలోపు కడితేనే ఆ నెల వడ్డీ వస్తుంది, అందుకే నేను రెండో తేదీకల్లా పోస్టాఫీసులో ఉంటా.

కట్టినప్పుడల్లా పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి, ఆ ఫొటో ఆయనకు పంపండి. మా ఆయన అవన్నీ ఫోన్లో దాచుకున్నాడు.