జిర్కోనియా మిశ్రమాలు పగలకుండా: 4వ పాఠం – రేణువును మారే అంచున నిలపడం

గత పాఠంలో సింటరింగ్ (పొడిని కరగకుండా వేడితో గట్టిగా అతికించడం) చేసి, పాలిష్ పట్టిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్ అనే పింగాణీ పదార్థం) బిళ్లను తీయండి. సాంద్రత 99 శాతం దాటినా టఫ్‌నెస్ (పగులు సాగకుండా నిలిచే గుణం) 4 దగ్గరే ఆగిపోయిందా? (యూనిట్ మెగాపాస్కల్ రూట్ మీటరు, ఇకపై అంకె మాత్రమే రాస్తాను.) సాంద్రత కుదిరితే అన్నీ కుదురుతాయన్నది కొత్తవారి భ్రమ.

స్వచ్ఛమైన జిర్కోనియా సుమారు 1170 డిగ్రీల సెల్సియస్ పైన టెట్రాగోనల్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది. చల్లారేటప్పుడు మోనోక్లినిక్ అనే మరో స్ఫటిక రూపానికి మారి, ఘనపరిమాణంలో 4–5 శాతం ఉబ్బుతుంది. వస్తువును ముక్కలు చేసే ఆ ఉబ్బునే పనికి వాడుకోవచ్చని 1975లో గార్వీ, హ్యానింక్, పాస్కో ఆస్ట్రేలియా నుంచి చూపించారు. గది ఉష్ణోగ్రత దాకా మారకుండా ఆపిన టెట్రాగోనల్ రేణువు ఎక్కుపెట్టిన విల్లు. పగులు మొన దగ్గరికొచ్చి లాగగానే రేణువు మారి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పగులును రెండు వైపులా నొక్కేస్తుంది.

కాబట్టి రేణువు మరీ స్థిరంగా ఉన్నా దండగే. టెట్రాగోనల్ రూపాన్ని నిలిపే యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) 8 మోల్ శాతం (అణువుల లెక్కన శాతం) కలిపితే క్యూబిక్ అనే మూడో రూపం వస్తుంది, అది మారదు, టఫ్‌నెస్ పెరగదు. 3 శాతం దగ్గర మారగలిగే రేణువులు దొరుకుతాయి. ఇంకా తగ్గిస్తే టఫ్‌నెస్ పెరుగుతుంది కానీ, కొలిమిలో కాస్త తేడా వచ్చినా బిళ్ల చల్లారుతూనే పగులుతుంది. రేణువు పరిమాణం రెండో పగ్గం. 3 శాతం యిట్రియాకు 0.2 మైక్రోమీటర్ల లోపు రేణువు మొండికేస్తుంది. 1 మైక్రోమీటరు దాటితే తనంతట తానే మారిపోతుంది. 1450 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే సమయాన్ని మార్చి చూడండి, ఒకేసారి వంద డిగ్రీలు పెంచకండి. అల్యూమినా కలిపితే దాని బిగువు రేణువులను పట్టి ఉంచుతుంది, వాటి పెరుగుదలనూ అడ్డుకుంటుంది.

అంచున ఉన్నామో లేదో తెలిసేదెలా? నన్నడిగితే టఫ్‌నెస్ అంకె కన్నా ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలు చెదిరే కోణాలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష) ముందు. రాగి కిరణంతో టెట్రాగోనల్ శిఖరం 30.2 డిగ్రీల దగ్గర, మోనోక్లినిక్ శిఖరాలు 28.2, 31.5 దగ్గర కనిపిస్తాయి. పాలిష్ ముఖాన్ని, విరిచిన ముఖాన్ని వేరువేరుగా చూడండి. పాలిష్ ముఖంపై మోనోక్లినిక్ దాదాపు లేకుండా, విరిచిన ముఖంపై స్పష్టంగా కనిపిస్తే గురి కుదిరినట్టే. రెండింటా లేకపోతే రేణువు కదలడం లేదు. ముతకగా రుద్దిన ముఖాన్ని మాత్రం నమ్మకండి, రుద్దుడే రేణువులను మార్చేస్తుంది.

తర్వాత వికర్స్ వజ్రపు మొనతో (కాఠిన్యం కొలిచే పిరమిడ్ ఆకారపు మొన) 196 న్యూటన్ల భారం వేయండి. గుంట నాలుగు మూలల నుంచీ పగుళ్లు బయలుదేరతాయి. గుంట మధ్య నుంచి పగులు కొస దాకా ఉన్న దూరమే సి. భారం తీసిన వెంటనే కొలవండి, గాలిలో తేమకే పగులు మెల్లగా సాగుతుంది. 0.016ను స్థితిస్థాపక గుణకం, కాఠిన్యాల నిష్పత్తి వర్గమూలంతో గుణించి, భారంతో గుణించి, సి 1.5 ఘాతంతో భాగించాలి.

అభ్యాసం: గుణకం 210, కాఠిన్యం 12.5 గిగాపాస్కల్స్. మొదటి బిళ్లలో సి 190 మైక్రోమీటర్లు, జవాబు 4.9 రావాలి. రెండో బిళ్లలో 160, లెక్క 6.3 దాటుతుంది, కానీ సంబరపడకండి. ఈ సూత్రానికి సి కనీసం గుంట అర్ధ కర్ణానికి రెండింతలు ఉండాలి. ఇక్కడ అర్ధ కర్ణం 88 మైక్రోమీటర్లు, అంటే సి కనీసం 176 ఉండాలి. 490 న్యూటన్ల భారంతో మళ్లీ కొలిచి, ఆ అంకెతో 5వ పాఠానికి రండి.