ఫోను లైను మీద పీఎల్‌సీ – 4వ పాఠం: లైను కలిసింది, జవాబు రావడం లేదు

కిందటి పాఠంలో లైను గొడవలు చూశాం: కొబ్బరితోటల మధ్య వెళ్లే తీగల జాయింట్లలో చెమ్మ చేరడం, గరగర, డయల్‌టోన్ రాకపోవడం. ఈసారిది అంతకంటే చిరాకు పెట్టే తంటా. అమలాపురం ఆఫీసు నుంచి కాలువ గట్టు మీది పంపుహౌస్‌లోని పీఎల్‌సీకి (పంపును నడిపే చిన్న నియంత్రణ కంప్యూటర్) డయల్ చేశారు. మోడెమ్ (కంప్యూటర్ డేటాను ఫోను లైను మీద పంపే పెట్టె) కూత పెట్టింది, తెర మీద ‘కనెక్ట్’ అని వచ్చింది. అయినా మోడ్‌బస్ (పీఎల్‌సీతో ప్రశ్న, జవాబులు నడిపే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌కు జవాబు లేదు.

మోడెమ్‌లు రెండూ కలిశాయి, అంతవరకే నమ్మండి. అవతలి మోడెమ్‌కూ పీఎల్‌సీకీ మధ్య ఉన్న చిన్న కేబుల్ ఇంకా పరీక్షకు నిలవలేదు. పడవెక్కి లంక దాటి వెళ్లే ముందు ఆపరేటర్‌కు సెల్‌ఫోన్ చేయండి. ల్యాండ్‌లైను మోడెమ్ చేతిలో ఉంది కదా.

“ఆపరేటర్ గారూ, మోడెమ్ మీద ఆర్‌డీ, ఎస్‌డీ అని రెండు లైట్లు ఉంటాయి. నేను ఇక్కడి నుంచి పంపుతున్నాను. ఏది మిణుకుమంటోందో కాస్త చూసి చెబుతారా?”

ఆర్‌డీ మిణుకుమంటే మీ ప్రశ్న అవతలి మోడెమ్ దాటి బయటికి వచ్చినట్టు. ఎస్‌డీ మిణుకుమంటే పీఎల్‌సీ జవాబిచ్చినట్టు. ఆర్‌డీ మాత్రమే వెలిగితే మొదట కేబుల్‌ను అనుమానించండి. పీఎల్‌సీకి ల్యాప్‌టాప్ తగిలించే కేబుల్‌నే మోడెమ్‌కు తగిలించేస్తుంటారు. చాలా పీఎల్‌సీల్లో అది పనిచేయదు. తొమ్మిది పిన్నుల ప్లగ్గులో 2, 3 తీగలు తారుమారు కావాలి.

కేబుల్ బాగుంటే ఇక బిట్ల లెక్క. మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే రకంలో మామూలుగా ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్ 1, డేటా 8, ఈవెన్ పారిటీ (తప్పును పట్టే బిట్) 1, స్టాప్ 1, మొత్తం 11 బిట్లు. సాధారణ మోడెమ్‌లలో చాలావాటికి 10 మించి మోయడం చేతకాదు. అదనపు బిట్ దారిలో పోతుంది, అక్షరం చెడుతుంది, చెడిన ప్రశ్నకు పీఎల్‌సీ నోరు విప్పదు. తప్పు సందేశమైనా పంపదు, అందుకే ఈ జబ్బు పట్టుకోవడం కష్టం. పీఎల్‌సీలోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ పారిటీ తీసేసి, స్టాప్ బిట్ ఒకటే ఉంచండి.

రెండు లైట్లూ మిణుకుమంటున్నా తెర మీద టైమవుట్ వస్తే? ముందు టైమవుట్‌ను 1 సెకను నుంచి 4 లేదా 5కు పెంచండి. ఫోను లైను మీద ఆలస్యం తప్పదు. అప్పటికీ దారికి రాకపోతే మోడెమ్‌ల ఎర్రర్ కరెక్షన్‌ను చూడండి. అది డేటాను మూటలు కట్టి పంపుతుంది, మూటకూ మూటకూ మధ్య ఖాళీ పడుతుంది. ఆర్‌టీయూలో మూడున్నర అక్షరాల ఖాళీ వస్తే సందేశం ముగిసినట్టే; సెకనుకు 9600 బిట్ల వేగంలో అది 4 మిల్లీసెకన్లు. ఎర్రర్ కరెక్షన్ ఆపేయవచ్చు గానీ, వానాకాలపు డెల్టా లైను మీద అది కొరివితో తల గోక్కోవడమే. పీఎల్‌సీలో ఉంటే మోడ్‌బస్ ఆస్కీకి (సందేశాన్ని మామూలు అక్షరాల్లో రాసి పంపే రకం) మారండి. అక్షరాల మధ్య సెకను దాకా ఖాళీని ఓర్చుకుంటుంది, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీతో సరిగ్గా 10 బిట్లలో సరిపోతుంది. అక్షరాలు రెట్టింపవుతాయి, నిజమే. పంపు నడుస్తోందా, కాలువ మట్టం ఎంత అని అడగడానికి ఆ వేగం చాలు.

ఇక అవతలి మోడెమ్ సెట్టింగులు. ముందు టెర్మినల్‌ను (మోడెమ్‌కు కమాండ్లు కొట్టే ప్రోగ్రాం) పీఎల్‌సీ వేగానికి, అదే బిట్ల అమరికకు మార్చి, అప్పుడే కమాండ్లు కొట్టండి. చాలా మోడెమ్‌లు చివరి ఏటీ కమాండ్ (‘ఏటీ’తో మొదలయ్యే మోడెమ్ ఆదేశం) వచ్చిన వేగాన్నే గుర్తుపెట్టుకుంటాయి. ఏటీఎస్0=1 ఇస్తే మొదటి రింగుకే ఫోను ఎత్తుతుంది. ఏటీ&డీ0 డీటీఆర్ (పీఎల్‌సీ సిద్ధంగా ఉందని చెప్పే సంకేతం) లేదని లైను కోసేయకుండా ఆపుతుంది. చివర్లో ఏటీఈ0క్యూ1&డబ్ల్యూ0 కొట్టండి: పీఎల్‌సీ మీదికి ‘రింగ్’, ‘కనెక్ట్’ వంటి మాటలు పోవు, సెట్టింగులూ భద్రమవుతాయి. ఆ తర్వాత టెర్మినల్ మౌనం వహిస్తుంది, మోడెమ్ చెడిందని కంగారుపడకండి. భద్రం చేయకపోతే తుపాను రోజు కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ మొదటికొస్తాయి. అందుకే ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, బయటి నుంచి ఒకసారి డయల్ చేశాకే పంపుహౌస్ తాళం వేయండి.

అభ్యాసం: ఆఫీసు ఇంటర్‌కమ్‌లోని రెండు ఎక్స్‌టెన్షన్లకు రెండు మోడెమ్‌లు తగిలించి ఒకదాన్నుంచి మరొకదానికి డయల్ చేయండి. ఇంటర్‌కమ్ టోన్‌ను మోడెమ్ గుర్తించకపోతే ముందుగా ఏటీఎక్స్3 ఇవ్వండి. ఒక చివర పారిటీ మార్చి, మరో చివర ఏం కనిపిస్తుందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో పాస్‌వర్డ్, కాల్‌బ్యాక్.