పేరు తెలియని పాత ట్రాక్టర్‌ను గుర్తించడానికి సుద్దముక్క

చేవెళ్ల దగ్గర మా బావగారి పొలంలో ఉన్న పాత ట్రాక్టర్‌కు బానెట్ ఒక కంపెనీది, రంగు ఇంకొక కంపెనీది కావడంతో, ఒక్క ఆయిల్ సీలు (నూనె కారకుండా ఆపే రింగు) కోసం సికింద్రాబాద్‌లోని విడిభాగాల మార్కెట్ రాణిగంజ్‌కు రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావలసి వచ్చింది.

బానెట్, మడ్‌గార్డులు, స్టిక్కర్లు ఎవరైనా మార్చగలరు కనుక వాటిని నమ్మకుండా, పోత ఇనుముపై ఉబ్బెత్తుగా ఉండే అంకెలను చూడాలి. ఇంజన్ బ్లాకు పక్కన, గేర్‌బాక్సుపైన, వెనుక యాక్సిల్ హౌసింగుపైన, ఈ మూడు చోట్లా చల్లారిన ఇనుముకు పావు లీటరు కిరోసిన్ పట్టించి, పది నిమిషాలు నాననిచ్చి, తీగ బ్రష్షుతో జిడ్డు తీసి, గుడ్డతో పొడిగా తుడవాలి. తరువాత సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే, నల్లటి ఇనుముపై అంకెలు మాత్రమే తెల్లగా తేలుతాయి. సెల్‌ఫోను టార్చిని పక్క నుంచి వేసి ఫొటో తీసి దుకాణదారుకు చూపితే సరిపోతుంది. మాకు గేర్‌బాక్సు అంకెలతోనే సరైన సీలు దొరికింది.

అయితే ఇంజన్ అంకెలను బట్టి మాత్రమే కంపెనీని నిర్ణయించకూడదు. చెన్నైలో బ్రిటన్ ఇంజన్ల కంపెనీ పెర్కిన్స్ లైసెన్సుతో తయారైన సింప్సన్ ఇంజన్ల వంటివి పలు కంపెనీల ట్రాక్టర్లలో ఉంటాయి. మూడు చోట్ల అంకెలు పొంతన లేకపోతే, ఏ భాగానికి కావలసిన విడిభాగాన్ని ఆ భాగం అంకెతోనే అడగాలి. గుద్ది వేసిన ఛాసిస్ నంబరు దగ్గర గ్రైండరు గాని, ఎమెరీ కాగితం గాని వాడవద్దు; అది చెరిగిపోతే ఆర్‌సీ పనులకు పెద్ద చిక్కు వస్తుంది.